మన ఆరోగ్యం: గుండె సంగతి దాచుకోవద్దు, కాచుకుందాం

పోయిన సంచికలో చక్కెర వ్యాధి గురించి ముచ్చటించుకున్నాం. అది చదివి గుడియాత్తం నుంచి ఒక పెద్దావిడ ఉత్తరం రాశారు. "మా మనవడికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉండింది. మూడో ఏట ఆపరేషన్ చేయించాము. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. బళ్ళో ఆటలకు పంపాలా, వద్దా? కోడలు వద్దంటుంది, వాడు ఆగడు. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో కట్టడి. మీరైనా నాలుగు మాటలు రాయండి" అని అడిగారు.

ఆటల ప్రశ్నకు జవాబు సులభమే, చివర్లో చెబుతాను. కానీ "బయట చెప్పకూడదని కట్టడి" అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఎందుకంటే అలాంటి కట్టడి మా ఇంట్లోనూ ఒకప్పుడు ఉండేది. దానికి నేనూ వంత పాడాను. ఈ శీర్షిక రాస్తూ అందరికీ జాగ్రత్తలు చెప్పే నేను, సొంత ఇంట్లో నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ కథ చెప్పకుండా ఈ విషయం రాయడం న్యాయం కాదు.

మా ఇంటి కథ

మా చెల్లెలిని ఇచ్చింది కావేరిపాక్కంలో. ఇప్పుడది రాణిపేట జిల్లా, 2019 దాకా వెల్లూరు జిల్లా. ఊరికి పల్లవుల కాలం నాటి పెద్ద చెరువు, చెరువు కింద వరి మళ్ళు. 1994లో చెల్లెలికి కూతురు పుట్టింది. పిల్ల పాలు తాగుతూ మధ్యలో ఆగిపోయేది, నుదుటి మీద చెమట పట్టేది. గట్టిగా ఏడిస్తే పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడేవి. దిష్టి తగిలిందని వాళ్ళ అవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. నడక వచ్చాక నాలుగడుగులు పరుగెత్తి గొంతుక్కూర్చునేది. కాసేపటికి లేచి మళ్ళీ పరుగెత్తేది. "దీనికి కూర్చుని ఆడటమే ఇష్టం" అని నవ్వుకున్నాం. అలా గొంతుక్కూర్చోవడం ఆట కాదనీ, ఊపిరి అందక పిల్ల తనకు తానే కనుక్కున్న ఉపాయమనీ వెల్లూరులో డాక్టరుగారు చెప్పేదాకా మాకెవరికీ తెలియలేదు.

1998లో వెల్లూరులోనే ఆపరేషన్ అయింది. పది రోజుల్లో పిల్ల ఇంటికి వచ్చింది. పెదవులు ఎర్రగా మారాయి. చెరువు కట్ట మీద పరుగెత్తుతుంటే చూసి మా నాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మొదట ఏటేటా, తర్వాత రెండేళ్ళకొకసారి పరీక్షకు తీసుకెళ్ళారు. పన్నెండో ఏట చూపించాక ఆపేశారు. పిల్ల బాగా చదువుతోంది, బాగా తింటోంది, ఇంకెందుకు అనుకున్నారు. ఆసుపత్రి ఫైలు ఇనప్పెట్టెలో పట్టుచీరల అడుగుకు చేరింది.

2018లో ఒక మంచి సంబంధం వచ్చింది. చెల్లెలు నన్ను వంటింట్లోకి పిలిచి, "అక్కా, ఆ ఫైలు సంగతి నువ్వు నోరెత్తొద్దు. పిల్ల పెళ్ళి కావాల నాకు" అంది. నేను సరేనన్నాను. రవికె మెడ కాస్త పైకి కుట్టిస్తే మచ్చ కనిపించదని సలహా కూడా ఇచ్చాను.

నిశ్చితార్థం ఇంకో రెండు నెలలుందనగా పిల్లకు పన్ను నొప్పి వచ్చింది. పుచ్చిపోయిన దవడ పన్ను పీకించారు. ఊళ్ళో మాట పొక్కుతుందని పళ్ళ డాక్టరుకు గుండె ఆపరేషన్ సంగతి చెప్పలేదు. కొన్నాళ్ళకు సాయంత్రాలు సన్నగా జ్వరం మొదలైంది. మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చారు. నాలుగు రోజులు తగ్గింది, మళ్ళీ వచ్చింది. వేరే మాత్రలు తెచ్చారు. ఇలా మూడు వారాలు గడిచాయి. పిల్ల చిక్కి సగమైంది, మెట్లెక్కితే ఎగపోత. అప్పుడు వెల్లూరు తీసుకెళ్ళారు. గుండె లోపలి పొరకు, కవాటానికి క్రిములు పట్టాయని తేలింది. ఆరు వారాలపాటు నరానికి మందు ఎక్కించారు. "ఆ పాత ఫైలు ఉందా?" అని డాక్టరుగారు అడిగినప్పుడు మా చెల్లెలు బస్సెక్కి కావేరిపాక్కం వెళ్ళి, పెట్టె అడుగు నుంచి దాన్ని తీసుకొచ్చింది. అతుకు వేసిన చోట చిన్న లీకు మిగిలి ఉందనీ, ఏటా చూపించుకోవాలనీ ఆ కాగితాల్లోనే రాసి ఉంది.

పిల్ల బతికింది. ఆ సంబంధం తప్పిపోయింది. పెళ్ళికొడుకు తండ్రి ఆసుపత్రికి వచ్చి, పలకరించి, వెళ్ళేటప్పుడు నాతో ఒక్క మాటన్నాడు. "జబ్బుకు మేం బాధపడలేదమ్మా. మీరు దాచినారు చూడండి, దానికి." ఆయనకు నేనేమీ బదులు చెప్పలేకపోయాను.

అసలు ఏమిటీ జబ్బు?

గుండె అంటే నాలుగు గదుల ఇల్లు. కుడివైపు రెండు గదులు ఒళ్ళంతా తిరిగి వచ్చిన చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపిస్తాయి. ఎడమవైపు రెండు గదులు శుద్ధి అయిన రక్తాన్ని ఒళ్ళంతటికీ తోస్తాయి. మధ్యలో గోడలు, తలుపుల్లాంటి కవాటాలు. కడుపులో బిడ్డకు మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపల ఈ కట్టడమంతా పూర్తవుతుంది. చాలామంది తల్లులకు తాము గర్భవతులమని తెలిసేసరికే గుండె సగం తయారై ఉంటుందన్నమాట. ఆ రోజుల్లో ఎక్కడో ఒక గోడ పూర్తిగా పూడకపోయినా, ఒక కవాటం ఇరుకైనా, అదే పుట్టుకతో వచ్చే గుండె జబ్బు. పుట్టే ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో 8, 9 మందికి ఇలాంటి లోపం ఏదో ఒకటి ఉంటుంది. మన దేశంలో ఏటా 2 లక్షలకు పైగా బిడ్డలు ఇలా పుడుతున్నారని నిపుణుల అంచనా.

మన చెరువు కింది మళ్ళను తలచుకుంటే సులభంగా అర్థమవుతుంది. ఎగువ మడికీ దిగువ మడికీ మధ్య గట్టుకు గండి పడితే నీళ్ళు ఎటు పోతాయి? కిందికే. అలాగే గుండె మధ్య గోడకు రంధ్రం ఉంటే, ఒత్తిడి ఎక్కువున్న ఎడమ వైపు నుంచి తక్కువున్న కుడి వైపుకు రక్తం పారుతుంది. ఊపిరితిత్తులకు అవసరానికి మించి రక్తం చేరుతుంది. బిడ్డకు ఆయాసం, మాటిమాటికీ జలుబు, నిమోనియా, బరువు పెరగకపోవడం ఇందువల్లే. చిన్న గండ్లు కొన్ని వాటంతటవే పూడిపోతాయి. పెద్దవాటిని పూడ్చాలి. ఏళ్ళ తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, ఆపరేషన్‌కు కూడా వీలులేని స్థితి వస్తుంది.

మా పిల్లకు ఉన్నది ఇంకో రకం. నాలుగు లోపాలు కలిసి వస్తాయి. ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకై, చెడు రక్తం గోడలోని రంధ్రం గుండా మంచి రక్తంలో కలిసిపోతుంది. అందుకే పెదవులూ గోళ్ళూ నీలంగా మారతాయి. 1888లో ఈ నాలుగింటినీ కలిపి వివరంగా రాసిన ఫ్రెంచి వైద్యుడు ఫాలో పేరుతోనే దీన్ని పిలుస్తారు.

కీళ్ళవాతం జ్వరం వల్ల బడి వయసులో కవాటాలు పాడయ్యే జబ్బు వేరు. అది పుట్టుకతో వచ్చేది కాదు. రెండింటినీ కలిపేసి "గుండె జబ్బు" అని ఒకే మాట అనేస్తాం గనుక గుర్తుంచుకోవడం మంచిది.

నీలిబిడ్డల నుంచి వెల్లూరు దాకా

ఒకప్పుడు ఇలాంటి బిడ్డలకు వైద్యులు చేయగలిగింది ఏమీ లేదు. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే యువ సర్జన్, పుట్టాక మూసుకుపోవలసిన నాళం మూసుకోని ఒక పాపకు దాన్ని కట్టి బతికించాడు. 1944 నవంబరు 29న బాల్టిమోర్‌లో నీలిబిడ్డకు మొదటి ఆపరేషన్ జరిగింది. ఆలోచన హెలెన్ టాసిగ్ అనే పిల్లల వైద్యురాలిది. ఆమెకు వినికిడి తగ్గిపోయి, బిడ్డల ఛాతీ మీద చేయి ఆన్చి గుండె సవ్వడి తెలుసుకునేది. కత్తి పట్టింది ఆల్ఫ్రెడ్ బ్లాలాక్. జంతువుల మీద ఆ పద్ధతిని సాధన చేసి, ఆపరేషన్ వేళ సర్జన్ వెనుక నిలబడి దారి చూపింది వివియన్ థామస్. ఆయన నల్లజాతివాడు, వైద్య పట్టా లేనివాడు. ఆయన పేరు లోకానికి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1953లో గుండె పనిని తాత్కాలికంగా యంత్రానికి అప్పగించి లోపలి గోడ పూడ్చడం జాన్ గిబ్బన్‌కు సాధ్యమైంది.

ఈ విద్య మన పక్కకు తొందరగానే వచ్చింది. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, 1940ల చివర్లో రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు. అక్కడి హృద్రోగ విభాగాన్ని తొలినాళ్ళలో నడిపించిన వారు డాక్టర్ కమలా వైతిలింగం. 1960ల మొదట్లోనే అక్కడ గుండె తెరిచి ఆపరేషన్లు చేశారు. చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు నుంచి మన తెలుగువాళ్ళు బస్సెక్కి "వెల్లూరాసుపత్రి"కి వస్తూనే ఉన్నారు. ఇప్పుడు దారులు ఇంకా పెరిగాయి. పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తోంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు 2021లో చిన్నపిల్లల గుండె కోసమే పద్మావతి హృదయాలయం తెరిచారు. కొన్ని రంధ్రాలను ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి గొడుగులాంటి మూత పెట్టి మూసేస్తున్నారు.

బాగైపోయింది అన్న మాటలో ఉన్న చిక్కు

మేము చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఆపరేషన్ చేసిన గుండె బాగైన గుండే కానీ, ఏ లోపం లేకుండా పుట్టిన గుండెతో సమానం కాదు. గట్టు పూడ్చిన రైతు ఊరికే ఉంటాడా? వాన వచ్చినప్పుడల్లా వెళ్ళి చూసుకుంటాడు. మా పిల్ల వంటి వారికి ఇరుకు దారిని వెడల్పు చేసినచోట కవాటం ఏళ్ళు గడిచేకొద్దీ లీకవుతుంది. కుడి గది నెమ్మదిగా సాగిపోతుంది. గుండె లయ తప్పవచ్చు. మనిషికి మాత్రం ఏ బాధా తెలియదు. బాధ తెలిసేసరికి ఆలస్యమవుతుంది. వేళకు కనిపెడితే కొత్త కవాటం పెట్టవచ్చు. అందుకే చిన్న రంధ్రం తనంతట పూడిపోయిన వారిని వదిలితే, మిగతా చాలామందికి ఏటా కాకపోయినా రెండు మూడేళ్ళకొకసారైనా గుండె స్కానింగు, ఈసీజీ అవసరం. ఎన్నాళ్ళకొకసారి అన్నది మీ డాక్టరే చెప్పాలి. ఇక రానక్కర్లేదని ఆయన చెబితే తప్ప మనంతట మనం మానకూడదు.

పదహారు, పద్దెనిమిదేళ్ళ వయసు ముఖ్యమైన మలుపు. అంతవరకు అమ్మ చేయి పట్టుకుని వెళ్ళిన పిల్లలు చదువుకు, ఉద్యోగానికి ఊరు దాటుతారు. పిల్లల డాక్టరు దగ్గర మానేస్తారు, పెద్దల డాక్టరు దగ్గర మొదలుపెట్టరు. చాలామంది తప్పిపోయేది ఈ సందులోనే. ఆ వయసుకల్లా పిల్లకు తన జబ్బు పేరు, జరిగిన ఆపరేషన్, జరిగిన సంవత్సరం, వాడే మందులు, పడని మందులు తన నోటితో చెప్పడం రావాలి.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆసుపత్రి కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, పిల్లలు బళ్ళో చదివేది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అవ్వాతాతలకు "గుండెలో ఓట్ట" అన్నంత మటుకే తెలుసు. ఒక అట్టముక్క మీద ఈ వివరాలు మూడు భాషల్లో రాయించి బీరువాలో ఒకటి, పిల్ల సంచిలో ఒకటి పెట్టండి. ఫైలులోని ముఖ్యమైన కాగితాలను ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.

రోజువారీ అలవాట్లు

పళ్ళు: గుండెకూ పళ్ళకూ ఏం సంబంధమని అడుగుతారు. నోట్లో ఉండే క్రిములు పుచ్చుపళ్ళ నుంచి, వాచిన చిగుళ్ళ నుంచి రక్తంలోకి దిగుతాయి. మామూలు గుండెకు అవి అంటుకోవు. లీకు ఉన్నచోట, అతుకు ఉన్నచోట, పెట్టిన కవాటం మీద తిష్ట వేస్తాయి. ఉదయం, రాత్రి పళ్ళు తోమాలి. ఆరు నెలలకొకసారి పళ్ళ డాక్టరుకు చూపించాలి. ఆర్కాటు మక్కన్ పేడా పండక్కి తినండి, తిన్నాక నోరు పుక్కిలించండి. పన్ను పీకించేముందు గుండె సంగతి చెప్పితీరాలి. కృత్రిమ కవాటం ఉన్నవారు, ఇదివరకు గుండెకు క్రిములు పట్టినవారు, ఆపరేషన్ కాని నీలి జబ్బు ఉన్నవారు, అతుకు పక్కన లీకు మిగిలినవారు, అతుకు వేసి ఆరు నెలలు కానివారు పన్ను పనికి ముందు యాంటీబయాటిక్ ఒక మోతాదు వేసుకోవాలి. అందరికీ అక్కర్లేదు. మీరు ఏ కోవలోకి వస్తారో డాక్టరును అడిగి ఆ అట్టమీదే రాయించుకోండి.

జ్వరం: కారణం తెలియని జ్వరం మూడు రోజులు దాటితే మందుల షాపుకు పోవద్దు. యాంటీబయాటిక్ వేసుకోకముందే రక్తం తీసి క్రిముల పరీక్షకు పంపాలి. ముందే మాత్రలు మింగితే క్రిమి దొరకదు, జబ్బు దాక్కుంటుంది. మా పిల్ల విషయంలో మూడు వారాలు పోయింది ఇలాగే.

చెవులు కుట్టించడం, అలగు: చెవులు, ముక్కు కుట్టించేముందు డాక్టరును అడగండి. కుట్టించేటట్టయితే శుభ్రమైన కొత్త సూదితో చేయించండి. ఆడికృత్తికకు తిరుత్తణికో, రత్నగిరికో కావడి ఎత్తుతామని మొక్కుకునే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. కావడి ఎత్తండి, కానీ ఈ బిడ్డలకు ఒంటికి అలగు గుచ్చుకోవడం, పచ్చబొట్లు వద్దు. స్వామికి పాలకుండ మొక్కుకున్నా ముట్టుతుంది.

ఆట, నడక: పాతకాలంలో "పరుగెత్తకు, ఎగరకు" అని కూర్చోబెట్టేవారు. ఇప్పటి వైద్యులు అలా చెప్పడం లేదు. కదలని పిల్ల లావెక్కుతుంది. బిపి, చక్కెర, గుండెపోటు వంటి పెద్దల జబ్బులు పుట్టుకతో లోపమున్న గుండెకు రెండింతల బరువు. చాలామందికి పిల్లలయితే రోజుకు గంట ఆట, పెద్దలయితే వారానికి 150 నిమిషాల చురుకైన నడక మంచిదే. ఒక చిన్న కొలత చెబుతాను. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగి ఆయాసపడితే వేగం తగ్గించాలి. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, పందేలు కట్టి పరుగులు తీయడం మాత్రం డాక్టరు అనుమతి లేకుండా వద్దు. కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం, విపరీతమైన దడ కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

కొండలు, ఎండలు: అలిపిరి మెట్లు 3,550. షోలింగూరు నరసింహస్వామి కొండకు 1,300 పైచిలుకు. "మొక్కున్నాం, ఎక్కకపోతే ఎలా?" అంటారు. బాగైన గుండె ఉన్నవారు డాక్టరు సరేనంటే ఆగి ఆగి ఎక్కవచ్చు. నీలి జబ్బు ఉన్నవారు ఎక్కకూడదు. తిరుమలకు బస్సుంది, షోలింగూరుకు 2024లో రోప్‌వే వచ్చింది. స్వామి మెట్లు లెక్కపెట్టడు. గుడియాత్తం గంగమ్మ శిరసు ఉత్సవం నడివేసవిలో. ఆ ఎండలో, ఆ జనంలో నీళ్ళు తాగకుండా నిలబడటం నీలి జబ్బు ఉన్నవారికి మరీ కీడు. వారి రక్తం అసలే చిక్కన, ఒంట్లో నీరు తగ్గితే గడ్డకట్టే ప్రమాదముంది. నీళ్ళు తాగని కటిక ఉపవాసాలు కూడా అందుకే వద్దు.

తిండి: ప్రత్యేకమైన పథ్యమేమీ లేదు. రాగిసంకటి, ఆకుకూర, పప్పు, పండు, మజ్జిగ మంచి తిండి. మన ఇళ్ళలో ఎక్కువయ్యేది ఉప్పు. ఊరగాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ, ఎండుచేప అన్నీ ఉప్పుమయం. రోజంతటికీ మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు. రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించుకోండి. రక్తం పలచబడే మందు వాడేవారు ఒకవారం ఆకుకూర ముట్టకుండా మరోవారం మూడు పూటలా తినకూడదు, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. నాటుమందులు, నొప్పిమాత్రలు అడగకుండా వేసుకోకూడదు. బీడీ, సిగరెట్టు, గుట్కా, సారాయి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో మరొకరు కాల్చే పొగ కూడా బిడ్డకు చేటే.

టీకాలు: ఏ టీకానూ మానకూడదు. గుండె జబ్బు ఉన్న బిడ్డకు మామూలు జలుబే నిమోనియాగా దిగుతుంది. గుండెజబ్బు ఉందని టీకా వేయించని తల్లులను చూశాను. నిజం దానికి తలకిందులు.

మనసు: మచ్చ చూసి తోటిపిల్లలు అడుగుతారు. "ఇది నేను గెలిచిన మచ్చ" అని చెప్పడం నేర్పండి. ఎప్పుడూ దిగులుగా, భయంగా ఉంటే దానికీ వైద్యముంది, సిగ్గుపడవద్దు.

పెళ్ళి, కానుపు

గ్రహణం వేళ బయట తిరిగినందుకో, పూర్వజన్మ పాపానికో బిడ్డ గుండెకు చిల్లి పడదు. చాలామందిలో కారణం తెలియదు. తెలిసిన కొన్ని ఉన్నాయి. తల్లికి గర్భం మొదట్లో రుబెల్లా సోకడం, అదుపులో లేని చక్కెర, డాక్టరును అడగకుండా వాడిన కొన్ని మందులు, కొన్ని జన్యు లోపాలు. మేనరికాల్లో, అక్క కూతురిని చేసుకున్న ఇళ్ళలో ఈ జబ్బులు కొంత ఎక్కువని పరిశీలనలు చెబుతున్నాయి. ఆస్తి, అభిమానం బయటకు పోకూడదనే ఆ పెళ్ళిళ్ళు ఇక తగ్గించుకోవడం మంచిది. ఆడపిల్లలకు రుబెల్లా టీకా తప్పకుండా వేయించాలి. తమిళనాడులో 2017 నుంచి తట్టుతో కలిపి ఈ టీకా వేస్తున్నారు.

గుండె ఆపరేషన్ అయిన ఆడపిల్లలు పెళ్ళి చేసుకోవచ్చా? చాలామంది చేసుకోవచ్చు, బిడ్డల్నీ కనవచ్చు. అయితే గర్భం రాకముందే గుండె డాక్టరును కలవాలి. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి బాగా పెరిగిపోయిన కొందరికి గర్భం ప్రాణాపాయం. వారికి ఆ మాట పెళ్ళికి ముందే తెలియాలి. రక్తం పలచబడే మందు వాడేవారికి మందు మార్చవలసి రావచ్చు. గర్భం రాకుండా వాడే మాత్రలు కూడా అందరికీ పడవు. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి 3 నుంచి 5. అంటే నూటికి 95 మందికి రాదన్నమాట. ఐదో నెలలో, 18 నుంచి 22 వారాల మధ్య, కడుపులోని బిడ్డ గుండెను స్కానింగులో చూడవచ్చు.

ఇన్ని సంగతులు డాక్టరుతో, కట్టుకున్నవాడితో, అత్తమామలతో మాట్లాడుకోవలసినవి. దాచి చేసిన పెళ్ళిలో ఇవన్నీ ఎలా మాట్లాడుతుంది ఆ పిల్ల? మందు మింగాలన్నా తలుపు వేసుకోవాలి.

డబ్బు సంగతి

డబ్బు లేదని ఆగవద్దు. తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బళ్ళలో పిల్లలను పరీక్షించి, గుండె లోపం కనిపిస్తే పై ఆసుపత్రులకు పంపుతున్నారు. మన ఇళ్ళలో కొందరి రేషన్ కార్డు ఒక రాష్ట్రంలో, కాపురం ఇంకో రాష్ట్రంలో. ఆసుపత్రికి వెళ్ళేముందే కార్డు ఎక్కడ చెల్లుతుందో ఆసుపత్రి బీమా కౌంటర్లో అడిగి తెలుసుకోండి.

మళ్ళీ ఆ ఉత్తరం

గుడియాత్తం పెద్దమ్మగారూ, మీ మనవడిని ఒకసారి గుండె డాక్టరుకు చూపించి, "వీడు ఏయే ఆటలు ఆడవచ్చు?" అని కాగితం మీద రాయించుకోండి. రంధ్రం చక్కగా పూడిపోయి, గుండె ఒత్తిళ్ళు మామూలుగా ఉంటే వాడిని ఆపే పని లేదు, కబడ్డీకి కూడా పంపవచ్చు. ఆ కాగితాన్ని బళ్ళో ఆటల మాస్టారుకు చూపించండి. బిడ్డకు ఆయాసమొస్తే ఏం చేయాలో ఆయనకు తెలియాలి కదా. మీ కోడలికి నా మాటగా చెప్పండి, ఆమె భయం తప్పు కాదు. కానీ భయాన్ని డాక్టరు ముందు పెట్టాలి, బిడ్డ కాళ్ళకు కట్టకూడదు.

మా పిల్ల కథ ముగించలేదు కదూ. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇనప్పెట్టెలోని ఫైలును తానే తీసి తన బల్ల మీద పెట్టుకుంది. రెండేళ్ళ తర్వాత ఇంకో సంబంధం వచ్చినప్పుడు, కాఫీ పళ్ళెంతో పాటు ఆ ఫైలు తెచ్చి అబ్బాయి ముందు పెట్టింది. మా చెల్లెలికి గుండె ఆగినంత పనైంది. అబ్బాయి పేజీలు తిప్పి, "నాకు ఇంగ్లీషు ఇంత రాదు, డాక్టరు దగ్గరకు మీతో నేనూ వస్తాను" అన్నాడు. వచ్చాడు కూడా. ఇప్పుడు వాళ్ళకు మూడేళ్ళ కూతురు. ఐదో నెలలోనే దాని గుండె చూశారు, ఏ లోపమూ లేదు. తల్లి కవాటం మాత్రం కాస్త ఎక్కువగా లీకవుతోందట. ముందు ముందు మార్చవలసి రావచ్చని చెప్పారు. ప్రతి సంవత్సరం భార్యాభర్తలిద్దరూ వెళ్ళి చూపించుకుని వస్తున్నారు.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు, "పెద్దమ్మా, మా కథ రాసేదుంటే రాయి. పేరు మాత్రం వద్దు. నువ్వు రవికె మెడ పైకి కుట్టించమన్నావు కదా, అది కూడా రాయి" అని నవ్వింది. రాశాను.

మీ ఇనప్పెట్టెల్లో, అటకల మీద ఇలాంటి ఫైళ్ళు ఉంటే ఈ ఆదివారం కిందికి దించండి. చివరిసారి ఎప్పుడు చూపించారో తేదీ చూడండి. సెలవు.